పెద్ద టీవీకి ఏ స్టాండు మేలు? ముందు గోడనడగండి

మా అక్కావాళ్ల ఫ్లాట్‌లో 65 అంగుళాల టీవీ గోడకెక్కిన మూడో వారం, సెట్‌టాప్ బాక్స్ వైరు సర్దబోయి బావ ఓ సంగతి గమనించాడు. టీవీ వెనకున్న ఇనుప ప్లేటు పైఅంచుకీ గోడకీ మధ్య సందు. గోరు దూరేంత. బిగించిన రోజు అది లేదు. ఆదివారం ఇద్దరం కలిసి టీవీ దించాం. ప్లేటు పైవరస మరలు ప్లాస్టిక్ ప్లగ్గులతో సహా వేళ్లతో లాగితేనే ఊడొచ్చాయి, వరిపిండి లాంటి తెల్లటి పొడి రాల్చుకుంటూ.

స్టాండు నాసిదేం కాదు. 50 కిలోల దాకా మోస్తుందని డబ్బా మీదే ఉంది, టీవీ చూస్తే 24 కిలోలు. కాకపోతే ఆ 50 కిలోలు ఇనుము సంగతి. గోడ ఎంత మోస్తుందో డబ్బా మీద ఎవరూ రాయరు.

బావ కొన్నది చెయ్యిలా ముందుకి సాగే స్టాండు, షాపుల్లో ఫుల్ మోషన్ అంటారు. డైనింగ్ టేబుల్ దగ్గర్నుంచీ కనపడాలని ఆయన సరదా. గోడకి అతుక్కుని ఉండే ఫిక్స్‌డ్ స్టాండుకీ దీనికీ తేడా తెలియాలంటే చిన్న లెక్క వేస్తే చాలు. ఫిక్స్‌డ్‌లో టీవీ బరువు గోడకి 5 సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకోండి. చెయ్యి పూర్తిగా లాగితే అదే బరువు 50 సెంటీమీటర్లు ముందుకొస్తుంది. ప్లేటు మీది పై మరలకీ కింది మరలకీ మధ్య ఎడం 20 సెంటీమీటర్లు. 24ని 5తో హెచ్చించి 20తో భాగిస్తే 6. అంటే ఫిక్స్‌డ్‌లో పై మరల్ని గోడలోంచి బయటికి లాగే బలం 6 కిలోలే. చెయ్యి సాగినప్పుడు 60 కిలోలు. టీవీ అదే, గోడ అదే, లాగుడు మాత్రం పదింతలు. దీనికి చెయ్యి సొంత బరువు అదనం. పిల్లలు పట్టుకుని ఊగితే ఇక లెక్కే లేదు.

అందుకే నా ఓటు ఎప్పుడూ ఫిక్స్‌డ్‌కే. దాంతో ఒకే ఒక్క చిరాకు: వెనక మూడు సెంటీమీటర్ల సందు కూడా ఉండదు, కొత్త వైరు పెట్టాలంటే టీవీని పైకెత్తాల్సిందే. వైర్లన్నీ ముందే గుచ్చి, కొసలు పక్కకి వేలాడేలా వదిలేస్తే ఆ బాధ సగం తగ్గుతుంది. ముందుకి వంగే టిల్ట్ స్టాండు టీవీ ఎత్తుగా పెట్టక తప్పని చోట పనికొస్తుంది. మన ఇళ్లలో ఎందుకో టీవీని దేవుడి పటాల ఎత్తులో పెట్టే అలవాటొకటి ఉంది. సోఫాలో కూర్చున్నవాళ్ల కంటి ఎత్తు నేల నుంచి 40, 42 అంగుళాలు. తెర మధ్యభాగం అక్కడికి రావాలంటే 65 అంగుళాల టీవీ అడుగంచు రెండడుగుల పైన కాస్త ఉంటే చాలు. అలా పెట్టుకుంటే టిల్ట్‌తో పనే లేదు.

ఇక గోడ. అసలు తీర్పు దానిదే. డ్రిల్లు పెట్టగానే రాలే పొడి రంగే చెప్తుంది అది ఏ గోడో. ముందు సిమెంటు పూత పొడి వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత ఎర్రటి పొడి వస్తే ఇటుక. తొమ్మిది అంగుళాల ఇటుక గోడైతే ఏ స్టాండైనా నడుస్తుంది. బెజ్జం ఇటుక మధ్యలో పడాలి, రెండు ఇటుకల నడిమి సిమెంటులో కాదు. పూత మందం వదిలేసి కనీసం 6 సెంటీమీటర్లు లోపలికి వెళ్లాలి. బూడిదరంగు పొడి రాలుతూ డ్రిల్లు కీచుమంటుంటే అది కాంక్రీటు. హైదరాబాద్ కొత్త అపార్టుమెంట్లలో మివాన్ పద్ధతిలో, అంటే ఇటుకల్లేకుండా అల్యూమినియం అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టిన గోడలన్నీ ఇలాంటివే. తిరుగుతూనే సుత్తి దెబ్బలు కొట్టే హ్యామర్ డ్రిల్లు, బెజ్జంలో బిగుసుకునే ఇనుప యాంకర్ బోల్టులు ఉంటే 75 అంగుళాల టీవీ, 35 కిలోలది కూడా, సాగే చెయ్యి మీద నిశ్చింతగా నిలబడుతుంది. లోపల చువ్వ తగిలితే బలవంతంగా పొడవకుండా బెజ్జం కాస్త పక్కకి జరపాలి.

తెల్లటి మెత్తని పొడి రాలి, డ్రిల్లు వెన్నలోకి దిగినట్టు దిగిందా, అది ఏఏసీ బ్లాకు, ఇటుకల బదులు వాడే తేలికపాటి సిమెంటు దిమ్మ. మా బావ హాలుకీ పడగ్గదికీ మధ్యనున్న నాలుగంగుళాల గోడ అదే. బిగించడానికొచ్చినతను హ్యామర్ ఆపకుండానే దంచి, డబ్బాలో వచ్చిన మామూలు ప్లగ్గులు దోపేశాడు. "ఏం కాదు సార్, రోజూ ఇవే వేస్తాం" అన్నాడట. ఈ బ్లాకు బుడగలతో నిండిన తేలిక సరుకు. హ్యామర్ దెబ్బకి బెజ్జం గోడలు నలిగి వెడల్పవుతాయి, ప్లగ్గుకి పట్టు దొరకదు. హ్యామర్ ఆపి ఉత్త తిప్పుడుతోనే బెజ్జం వేయాలి, ఏఏసీ కోసమే చేసిన పొడవాటి నైలాన్ ప్లగ్గులు వాడాలి. అప్పుడు కూడా ఫిక్స్‌డ్ స్టాండే. జిప్సమ్ బోర్డు పార్టిషన్ అయితే, లోపలి ఫ్రేముకి పట్టించే వీలుంటే తప్ప అటు చూడకండి.

ఏ గోడకైనా స్విచ్ బోర్డుకి నిట్టనిలువుగా పైనా కిందా బెజ్జాలు వేయొద్దు, వైర్ల పైపులు అక్కణ్ణుంచే వెళ్తాయి. గోడ అవతల బాత్‌రూమ్ ఉంటే నీళ్ల పైపు ఎటు పోయిందో కనుక్కోవాలి.

అద్దె ఇల్లా? గోడ నమ్మకంగా లేదా? టీవీ బల్ల మీదే ఉంచండి, అందులో నామోషీ ఏమీ లేదు. కాకపోతే పెద్ద టీవీల కాళ్లు రెండు చివర్లకీ ఉంటాయి, కొనే ముందే ఆ ఎడం కొలిచి బల్ల చాలుతుందో లేదో చూసుకోవాలి. బల్ల మీదున్న టీవీకి ముందుకి పడిపోయే ప్రమాదం ఎక్కువ. పాకే పిల్లలున్న ఇంట్లో వెనక నుంచి గోడకి ఓ బెల్టు కట్టాలి. బెల్టు మోసేది టీవీ బరువు కాదు, తూలినప్పటి లాగుడే కాబట్టి ఏఏసీ గోడకి కూడా సరైన ప్లగ్గు వేస్తే అది నిలుస్తుంది.

బావ మాత్రం బల్లకి ఒప్పుకోలేదు. సాగే చెయ్యి తీసేసి ఫిక్స్‌డ్‌కి దిగొచ్చాడు. ప్లగ్గుల జోలికే పోకుండా గోడకి ఇటునుంచి అటు దాకా నాలుగు బెజ్జాలు వేయించాం. మర కోసిన చువ్వలు దూర్చి, పడగ్గది వైపు అరచేతి వెడల్పు ఇనుప పట్టీలు పెట్టి నట్లు బిగించాం. బరువంతా ఒక్కో బెజ్జం దగ్గర కాకుండా పట్టీ పొడవునా పరుచుకుంటుంది. ఏడాదిన్నర అయింది, గోరు కాదు కదా కాగితం కూడా దూరడం లేదు. పడగ్గదిలో ఆ పట్టీలు చూసి అక్క మొదట మొహం ముడుచుకుంది. ఇప్పుడు వాటి మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతోంది.