రెండు లీటర్లకు ఒక లీటరు కలిస్తే రెండే: ఎవరి వివరణ మేలు?

నీరు ఆవిరిగానే నిలిచేంత వేడిలో, ఒకే పీడనం వద్ద కొలిస్తే, రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిసి మూడు లీటర్లు కాకుండా రెండు లీటర్ల ఆవిరినే ఇస్తాయి. 1805లో ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్, జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ కలిసి కొలిచినప్పుడు 100 పాళ్ల ఆక్సిజన్‌కు 199.89 పాళ్ల హైడ్రోజన్ సరిపోయింది. వాయువులన్నీ ఇలా చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలోనే కలుస్తాయని గే-లుసాక్ 1808 చివర ప్రకటించారు. దానికి కారణం చెప్పే దగ్గర ముగ్గురు మూడు దారులు పట్టారు.

పరమాణు సిద్ధాంతం ప్రతిపాదించిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త డాల్టన్ ఆ కొలతలనే నమ్మలేదు. తన అత్యంత కచ్చితమైన ప్రయోగాల్లో ఒక పాలు ఆక్సిజన్‌కు 1.97 పాళ్ల హైడ్రోజనే పట్టిందన్నారు. పాఠాల్లో దీన్ని మొండితనంగా చెప్పి దాటేస్తారు గానీ, ఆయన అభ్యంతరంలో పస ఉంది. సమాన ఘనపరిమాణాల్లో కణాల సంఖ్య సమానమైతే, ఒక లీటరు నైట్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిసినప్పుడు జతకు ఒక కణం చొప్పున ఒక లీటరు నైట్రిక్ ఆక్సైడే రావాలి. వచ్చేది రెండు లీటర్లు. అంటే పరమాణువు రెండుగా చీలాలి, పరమాణువు చీలదన్న ఆయన సిద్ధాంతానికే అది పొసగదు. పైగా ఆక్సిజన్‌కు హైడ్రోజన్ తోడై ఏర్పడిన ఆవిరి, ఆక్సిజన్ కంటే తేలికగా ఎలా ఉంటుంది? అందుకే ఆయన ఘనపరిమాణాలను పక్కనబెట్టి, సరళత పేరుతో అంతకుముందే రాసుకున్న, నీటికి ఒక హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ అన్న లెక్కకే కట్టుబడ్డారు.

స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్, సమాన ఘనపరిమాణాల్లో కణాల సంఖ్య సమానమన్న మాటను మూలక వాయువులకే పరిమితం చేశారు. నీటిలో రెండు హైడ్రోజన్ పరమాణువులున్నాయని సరిగ్గానే తేలింది, కానీ ఆవిరి రెండు లీటర్లే ఎందుకన్నది తేలలేదు.

1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో చూపిన దారి వేరు. సమాన ఘనపరిమాణాల్లో కణాల సంఖ్య అన్ని వాయువులకూ సమానమేనన్నారు. ఆక్సిజన్ వాయువులోని కణం ఒంటరి పరమాణువు కాదు, రెండు భాగాల అణువు. చర్యలో చీలేది అదే, పరమాణువు కాదు. ఒక్కో ఆక్సిజన్ అణువు నుంచి రెండు నీటి అణువులు ఏర్పడతాయి కనుక ఒక లీటరు రెండు లీటర్లవుతుంది. అణుభారం ఆక్సిజన్‌కు 32, నీటికి 18 కనుక ఆవిరి తేలికదనం చిక్కూ వీడుతుంది. ఒక్క ఊహతో రెండు ముళ్లు విప్పిన ఈ వివరణే నా దృష్టిలో మేలైనది.

అయినా అది దాదాపు యాభై ఏళ్లు మూలనపడింది. ఒకే జాతి పరమాణువులు ఒకే రకం విద్యుదావేశంతో వికర్షించుకుంటాయన్న బెర్జీలియస్ మాటకు అప్పట్లో బలం ఎక్కువ. పాదరసం, భాస్వరం ఆవిర్ల సాంద్రతలు కూడా జంట పరమాణువుల లెక్కకు లొంగలేదు. పాదరసం అణువులో ఒకటి, భాస్వరం అణువులో నాలుగు పరమాణువులు ఉండవచ్చని ఒప్పుకుంటే చిక్కు లేదు. అవొగాడ్రో ఊహ ఆధారంగా పరమాణు భారాలను ఇటలీ రసాయన శాస్త్రవేత్త కానిజారో 1858లో చక్కబెట్టి, 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహెలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశం దాకా తీసుకెళ్లాకే పరిస్థితి మారింది.

డాల్టన్ పక్షాన ఒక మాట మిగిలింది. నిజ వాయువుల్లో నిష్పత్తి అచ్చంగా పూర్ణాంకం కాదు. 0 డిగ్రీల సెల్సియస్, సాధారణ వాతావరణ పీడనం వద్ద ఒక పాలు ఆక్సిజన్‌కు పట్టే హైడ్రోజన్ సుమారు 2.003 పాళ్లు. ఆయన 1.97 మాత్రం రెండుకు అవతలి వైపున ఉంది.