వడ్డీ ఇచ్చే కరెంట్ అకౌంటుతో పదేళ్లు: 30వ తారీఖు మాత్రం పెట్టకండి

2014లో ఇక్కడ, ఇంగ్లండులో, వడ్డీ ఇచ్చే కరెంట్ అకౌంట్ (ఇక్కడ అందరూ రోజువారీ వాడుకునే మామూలు ఖాతా) తెరిచి, ఐదు శాతం ఇస్తున్నారని ఇంటికి ఫోన్ చేస్తే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఐదు రూపాయల వడ్డీకి తెచ్చుకోవాల్సిన ఖర్మ బ్యాంకుకేం పట్టిందిరా?" అన్నాడు. మా ఊళ్లో వడ్డీ అంటే నూటికి నెలకి ఇన్ని రూపాయలనే లెక్క. ఏడాదికి ఐదని చెప్పేసరికి ఆయన ఉత్సాహం చప్పబడింది. నాది పెరిగింది. అప్పుడు ఇక్కడి కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, రేటే అర శాతం మరి.

ఆ ఐదు శాతం రెండు వేల పౌండ్ల దాకానే. పైగా నెలనెలా బయటి బ్యాంకు నుంచి 500 పౌండ్లు జమ పడాలి. ఇంకో బ్యాంకులో తెరిచిన దానికైతే వెయ్యి. పడిన డబ్బు అక్కడే ఉండాలని మాత్రం ఎవరూ అనలేదు, పొద్దున వచ్చి సాయంత్రం పోయినా జమ జమే. అందుకని జీతం అకౌంటు నుంచి ఓ వెయ్యి బయల్దేరి మొదటి బ్యాంకుకి, అక్కణ్ణించి రెండోదానికి, అక్కణ్ణించి మళ్లీ ఇంటికి వచ్చేలా మూడు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే నెలనెలా ఫలానా తారీఖున ఇంత పంపమని బ్యాంకుకి ముందే చెప్పి పెట్టడం, పెట్టాను. మా ఊరి నాటకాల్లో నలుగురు భటులే తెర వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి పెద్ద దండులా కనబడేవాళ్లు. నా వెయ్యి పౌండ్లూ అదే వేషం కట్టాయి. ఒకసారి పెట్టి మర్చిపోవడమేనని ఏడాదిన్నరపాటు కనబడిన ప్రతివాడికీ చెప్పాను, లండన్ ఈస్ట్ హామ్‌లో బియ్యం బస్తా కోసం లైన్లో నిలబడి కూడా.

ఇక 2016 ఏప్రిల్ సంగతి. అంతకుముందు వడ్డీలో ఐదో వంతు పన్ను కింద బ్యాంకే కోసుకుని మిగతాది వేసేది. ఆ నెల 6 నుంచి ఆ కోత ఆగింది, బేసిక్ రేటు (20 శాతం) పన్ను కట్టేవాళ్లకి ఏడాదికి వెయ్యి పౌండ్ల వడ్డీ దాకా పన్నే లేదు. నెలకి ఆరున్నర చొప్పున పడుతున్నది ఇకమీదట నిండుగా ఎనిమిది పౌండ్ల చిల్లర పడుతుందని ఎదురుచూశాను. స్టేట్‌మెంట్ తెరిస్తే ఏప్రిల్ వడ్డీ అన్న లైనే లేదు. కిందికీ పైకీ రెండుసార్లు జరిపి చూశాను.

జీతం 28న పడుతుంది కదా, రెండు రోజులు ఎడం ఉంటుందని ఆర్డర్‌కి 30వ తారీఖు పెట్టుకున్నాను. ఫిబ్రవరికి 30 లేదని గుర్తొచ్చి ఆ నెల చేత్తోనే పంపాను. బుద్ధి అక్కడే రావాల్సింది, రాలేదు. ఆ ఏడు ఏప్రిల్ 30 శనివారం. స్టాండింగ్ ఆర్డర్ సెలవు రోజున పడితే తర్వాతి పనిదినానికి జరుగుతుంది. మర్నాడు ఆదివారం, మే 1. సోమవారం బ్యాంక్ హాలిడే. నా వెయ్యి కదిలింది మంగళవారం, మే 3న. ఏప్రిల్ ఖాతాలో జమ సున్నా, మేలో రెండు. రెండోసారి వేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు.

నా కడుపుమంటంతా ఒక్కచోటే. అదే శనివారం నేను ఫోన్ తీసి చేత్తో పంపి ఉంటే బ్యాంకుల మధ్య డబ్బు వెంటనే చేర్చే ఫాస్టర్ పేమెంట్స్‌లో నిమిషాల్లో చేరేది. రాత్రయినా, ఆదివారమైనా చేరుతుంది. అదే డబ్బుని ఫలానా రోజు పంపమని ముందే చెప్పి పెట్టుకుంటే మాత్రం దానికి సెలవులూ పండగలూ అడ్డొస్తాయి! బ్యాంకుకి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా "క్యాలెండర్ నెల" అన్న మాట మూడుసార్లు చెప్పింది. నలభై నిమిషాలు పోయాయి, ఎనిమిది పౌండ్లు రాలేదు. ఫోన్ పెట్టేశాక క్యాలెండర్ చూద్దును కదా, మే 30 కూడా బ్యాంక్ హాలిడేనే. ఆ సాయంత్రమే తారీఖు 5కి మార్చాను. ఎన్ని సెలవులు వరసగా వచ్చినా 5 నెల దాటదు.

పెట్టి మర్చిపోవడమేనన్నాను గానీ, అప్పటి నుంచి 8న ఒకసారి యాప్ తెరిచి చూడటం అలవాటైంది. ఇంకోసారి మా ఆవిడ అదే బ్యాంకులో ఉన్న తన అకౌంటు నుంచి నాకు వెయ్యి వేసింది. డబ్బు నిక్షేపంగా వచ్చింది, షరతు మాత్రం తీరలేదు, ఒకే బ్యాంకులోంచి వచ్చేది లెక్కలోకి రాదట. స్టాండింగ్ ఆర్డర్లు తెల్లవారుజామునే వెళ్లిపోతాయి, కాబట్టి వచ్చే డబ్బుకీ పోయే డబ్బుకీ ఒకే తారీఖు పెట్టినా చిక్కే.

ఐదు శాతమూ ఎల్లకాలం ఉండలేదు. ఒకచోట ఏడాది కాగానే ఒక శాతానికి దిగింది, ఇంకోచోట రేటుతోపాటు రెండు వేల హద్దూ తగ్గింది. 2023 ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 5.25కి చేరాక ఏ షరతూ లేని సేవింగ్స్ అకౌంట్లే నాలుగు పైన ఇచ్చాయి. అప్పుడు ఒకదాన్ని మూసేశాను. రెండోది ఉంచాను, ఎందుకంటే ఆర్డర్లు ఎలాగూ నడుస్తున్నాయి.

నాకు కుదిరిందంటే నెలనెలా తప్పకుండా పడే జీతం ఉంది, ఏ అవసరానికీ అడ్డురాని వెయ్యి ఉంది. కాంట్రాక్టు పనులు చేసే మా పెద్దమ్మ కొడుకు అడిగితే మాత్రం వద్దన్నాను. వాడి ఇన్‌వాయిస్ డబ్బులు ఒక్కోసారి రెండు నెలలకి గానీ రావు. ఈలోగా ఇంటి అద్దె పోవాల్సిన రోజున ఆ వెయ్యి ఏ బ్యాంకులో ఉందో వెతుక్కుంటాడు. అయినా తెరిచాడు. ఏ తారీఖు పెట్టావంటే 31 అన్నాడు.