మిర్చి యార్డులో రెండున్నరేళ్లు: ఒక ఫోను, రెండు సిమ్‌లు

గుంటూరు మిర్చి యార్డులో మాది కమీషన్ షాపు. సీజనులో తెల్లవారుజామున లారీ డ్రైవరు చేసే మొదటి కాల్ మొదలుకొని, రాత్రి రైతుకు తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఫొటో పంపేవరకు పని మొత్తం ఫోను మీదే నడుస్తుంది. 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ గెలాక్సీ ఏ54 కొన్నాను. ఆ వేసవిలోనే షాపు నంబరును వేరే నెట్‌వర్కుకు మార్చుకున్నాను. ఈ రెండున్నరేళ్ల వాడకంలో తెలిసినవి, నాలాంటి వ్యాపారం చేసేవారి కోసం రాస్తున్నాను.

ముందుగా నెట్‌వర్కు గురించి చెప్పాలి, ఎందుకంటే నేను ఫోను ముందు కొని, సిగ్నల్ సంగతి తర్వాత ఆలోచించి పొరపాటు చేశాను. మా సరుకులో సగం కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. మందపాటి గోడలు, వాటి లోపల థర్మోకోల్ పొర, ఇనుప తలుపులు దాటి సిగ్నల్ రావడం కష్టం. పాత నెట్‌వర్కులో గేటు దగ్గర నిండుగా కనిపించే గీతలు, మచ్చు తీయడానికి లోపలికి వెళ్లగానే మాయమయ్యేవి. ఒకసారి ఎగుమతిదారు తేజ అనే మిర్చి రకం లాటుకు రేటు చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించాడట. నేను బయటికి వచ్చేసరికి ఆయన మరో షాపులో కొనేశాడు. ఆ పాత నెట్‌వర్కు సంస్థ పేరు ఇక్కడ రాయను, ఎందుకంటే మా స్టోరేజీలో అందనిది మీ ఊళ్లో అన్నిటికంటే బాగా అందవచ్చు. సిగ్నల్ అనేది టవరుకూ, గోడకూ, తరంగానికీ సంబంధించిన విషయం. 700, 900 మెగాహెర్ట్‌జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు గోడల్లోకి చొచ్చుకుపోయినంతగా 3500 మెగాహెర్ట్‌జ్ 5జీ తరంగాలు చొచ్చుకుపోలేవు. అందుకే ఆరుబయట వేగం కొలిచి నెట్‌వర్కు ఎంచుకోవడం మాలాంటివారికి పనికిరాదు. నేను తెలిసినవారి దగ్గర వేర్వేరు కంపెనీల సిమ్‌లు అడిగి తీసుకుని, స్టోరేజీ లోపల, షాపు వెనుక గదిలో, ఇంటి దగ్గర నిలబడి కాల్ చేసి చూసిన తర్వాతే నిర్ణయించుకున్నాను.

అప్పటికీ లోపలి చాంబరులో మాట తెగేది. దానికి పరిష్కారం వైఫై కాలింగ్. స్టోరేజీ ఆఫీసు బ్రాడ్‌బ్యాండుకు యజమాని అనుమతితో కలుపుకున్నాక, వైఫై అందినంత మేర మామూలు నంబరు నుంచే కాల్స్ వెళ్తున్నాయి, వస్తున్నాయి. ఇందుకు విడిగా ఆప్ అక్కర లేదు. అయితే ఫోనూ, సిమ్ కంపెనీ రెండూ ఈ సౌకర్యాన్ని ఇవ్వాలి కాబట్టి కొనే ముందే అడిగి తెలుసుకోవాలి.

అదే నంబరును కొత్త నెట్‌వర్కుకు మార్చుకునే పనిని యార్డు వేసవి సెలవుల్లో పెట్టుకోవడం నేను చేసిన మంచి పని. ‘పోర్ట్’ అని ఇంగ్లీషులో టైపు చేసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కు పంపితే, కొత్త కంపెనీకి ఇవ్వవలసిన కోడ్ వస్తుంది. అది మన దగ్గర నాలుగు రోజులే చెల్లుతుంది. పోస్ట్‌పెయిడ్ అయితే పాత బకాయి తీర్చి ఉండాలి. ఒకే సర్కిల్ (టెలికాం సేవల ప్రాంతం) లోపల మార్పుకు మూడు పనిదినాలు పడుతుంది. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్ కాబట్టి హైదరాబాదు నంబరు ఉన్నవారికీ ఇదే గడువు. మారే రాత్రి కొన్ని గంటలు ఫోను మూగబోతుంది. ఆ తర్వాత యూపీఐ ఆప్‌లలో మళ్లీ నమోదు చేసుకోవలసి వచ్చింది. సీజను మధ్యలో ఇదే జరిగి ఉంటే ముఠా కూలీలకు ఆ పూట డబ్బు ఇవ్వడం కూడా కష్టమయ్యేది.

నంబరు ఎవరి పేరు మీద ఉందో చూసుకోవడం వీటన్నిటికంటే ముఖ్యం. మా షాపు రెండో నంబరు చాలా ఏళ్లు గుమస్తా ఆధార్ మీద ఉండేది. ఆయన మానేసి సొంతంగా వ్యాపారం పెట్టుకున్నప్పుడు నంబరు కూడా ఆయనతో వెళ్లింది. అది ఆయన పేరు మీదున్న సిమ్, నేను అడగడానికి హక్కు లేదు. పల్నాడు, ప్రకాశం జిల్లాల రైతులు కొందరు ఈనాటికీ ఆ నంబరుకే చేస్తారు. అందుకే ఇప్పుడు రెండు కనెక్షన్లూ షాపు పేరిట, జీఎస్టీ నంబరుతో పోస్ట్‌పెయిడ్‌గా తీసుకున్నాను. బిల్లు మీద పన్ను క్రెడిట్ కూడా వస్తుంది. సంస్థ పేరిట తీసుకున్నా, వాడే మనిషి గుర్తింపు ధ్రువీకరణ తప్పదు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) లాగిన్‌కు అందరికీ ఓటీపీ తప్పనిసరి అయింది. ఓటీపీ వచ్చే నంబరు మన చేతిలో లేకపోతే లారీ కదలదు.

ఇక ఫోను సంగతి. నేను ఏ54 ఎంచుకోవడానికి ప్రధాన కారణం ఐపీ67 రక్షణ. అందులో మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి పూర్తిగా చొరబడదని అర్థం. టిక్కీలు (మిర్చి బస్తాలు) దించే చోట గాలిలో లేచే మిరప ధూళి ఎలాంటిదో యార్డుకు వచ్చినవారికి తెలుసు. ఇంతకుముందు వాడిన ఫోనులో, దాని కంపెనీ పేరు అవసరం లేదు, రెండో సీజనుకే ఛార్జింగ్ రంధ్రమూ స్పీకరూ పాడయ్యాయి. ఇందులో అలాంటిదేమీ జరగలేదు. వారానికోసారి మెత్తని బ్రష్షుతో స్పీకరు మీది పొడి దులుపుతాను, అంతే. వేలిముద్ర మాత్రం కారం అంటిన చేతితో సరిగా పడదు. అది ఫోను లోపం కాదు, మా పని అలాంటిది. అందుకే ఎక్కువగా పిన్ వాడతాను.

సాఫ్ట్‌వేర్ భద్రతా అప్‌డేట్లు ఐదేళ్లు ఇస్తామని కంపెనీ ప్రకటించింది. బ్యాంకు ఆప్‌లన్నీ ఉన్న ఫోనుకు ఇది కెమెరా కంటే విలువైన మాట. ఇందులో రెండు సిమ్‌లు పెడితే మెమరీ కార్డుకు చోటుండదు కనుక, వ్యాపారానికి కొనేవారు ఫోను లోపలి మెమరీ ఎక్కువున్న రకమే తీసుకోవాలి. షాపు నంబరు వాట్సాప్ బిజినెస్‌లో, ఇంటివాళ్లతో మాట్లాడే రెండో నంబరు మామూలు వాట్సాప్‌లో ఉంచడం వల్ల లెక్కలు కలగాపులగం కావు.

మచ్చు ఫొటోల విషయంలో జాగ్రత్త అవసరం. మిర్చి ధర రంగు మీద ఆధారపడుతుంది. ఎండలో తీసిన ఫొటోలో 334 అనే మిర్చి రకం కూడా ఉన్నదానికంటే ఎర్రగా కనిపించి, సరుకు చేరాక మాట పడవలసి వస్తుంది. నేను నీడలో, పక్కన తెల్ల కాగితం పెట్టి తీస్తాను. తాలు (రంగు పోయిన నాసి) కాయలు కనబడేలా గుప్పెడు విడిగా పరుస్తాను. ఫొటోను మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది, అందువల్ల డాక్యుమెంటుగా పంపుతాను. చెన్నైలోని కొనుగోలుదారు ఒకరు ఇప్పుడు ఫొటో చూసే అడ్వాన్సు వేస్తున్నారు.

5000 ఎంఏహెచ్ బ్యాటరీ మొదటి ఏడాది రాత్రి వరకు వచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం వేళ ఒకసారి ఛార్జి చేస్తున్నాను, ఇంత వాడకానికి అది సహజమే. ఏప్రిల్ ఎండలో ఏ ఫోనైనా వేడెక్కి తెర మసకబారుతుంది కాబట్టి స్కూటరు డిక్కీలో ఎప్పుడూ వదలను. వచ్చే ఫిబ్రవరిలో కొత్త సరుకు పోటెత్తేలోగా, జనవరిలోనే అధీకృత సర్వీసు సెంటరులో బ్యాటరీ మార్పించి, ఇదే ఫోనుతో ఇంకో రెండు సీజన్లు నడపాలని అనుకుంటున్నాను.