డోర్న్‌లో కైజర్, మదీరాలో కార్ల్: ఇద్దరి ప్రవాసం

మొదటి ప్రపంచయుద్ధం ముగుస్తున్న 1918 నవంబరులో, ఒకరోజు తేడాతో రెండు సింహాసనాలు ఖాళీ అయ్యాయి. 10న జర్మనీ చక్రవర్తి (కైజర్) రెండో విల్‌హెల్మ్ నెదర్లాండ్స్‌కి పారిపోయాడు. 11న ఆస్ట్రియా చక్రవర్తి మొదటి కార్ల్ పాలన నుంచి తప్పుకున్నాడు.

విల్‌హెల్మ్‌ని అప్పగించమని యుద్ధంలో గెలిచిన మిత్రరాజ్యాలు అడిగినా డచ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అతను నెదర్లాండ్స్‌లోనే డోర్న్ అనే ఊళ్ళో భవనం కొనుక్కున్నాడు. జర్మనీ నుంచి 59 రైలు పెట్టెల్లో సామాను వచ్చింది. రోజూ కట్టెలు కొట్టేవాడు, 1922లో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, 1941 దాకా బతికాడు. సింహాసనం మళ్ళీ దక్కుతుందన్న ఆశ మాత్రం వదల్లేదు.

కార్ల్ ఆశతో ఆగలేదు. 1921లో, తాను అంతకుముందు రాజుగా ఉన్న హంగరీ సింహాసనం కోసం రెండుసార్లు వెళ్ళి ఓడిపోయాడు. దాంతో అతన్ని భార్య జీటాతో సహా పోర్చుగల్‌ వాళ్ళ మదీరా దీవికి పంపేశారు. నగలు పోయాయి, డబ్బు లేదు. హోటల్ ఖర్చు భరించలేక, దీవి రాజధాని ఫుంషాల్ పైన మోంటె కొండమీద ఒకరు ఇచ్చిన ఇంటికి మారారు. చలికాలంలో అక్కడ పొగమంచు, తేమ. మార్చిలో పట్టిన జలుబు న్యుమోనియాగా మారింది. 1922 ఏప్రిల్ 1న చనిపోయాడు. వయసు 34. జీటా అప్పటికి ఎనిమిదో బిడ్డని మోస్తోంది.

ఎవరిది ఎక్కువ కష్టం అంటే, నా మటుకు కార్ల్‌దే. విల్‌హెల్మ్ పోగొట్టుకున్నది రాజ్యం. కార్ల్ ఇంట్లో పిల్లలకి తండ్రే లేకుండా పోయాడు. జీటా 1989లో చనిపోయేదాకా నల్లబట్టలే కట్టింది.