ఫార్మలిన్ పట్టీల డబ్బా: మన చేపల మార్కెట్లో పనికొచ్చేదెంత?

శవాలు చెడిపోకుండా వాడే ఫార్మలిన్ అనే రసాయనాన్ని చేపలకు కలుపుతున్నారన్న భయం 2018 జూన్, జులై నెలల్లో దేశమంతా పాకింది. కేరళ 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో చెక్‌పోస్టుల్లో లారీలు ఆపి చేపల్ని పరీక్షించింది. అస్సాం ప్రభుత్వమైతే ఆంధ్రా చేపను పది రోజులు రానివ్వలేదు. ఆ గొడవకు కొద్ది నెలల ముందే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 'సిఫ్‌టెస్ట్' పేరుతో కాగితం పట్టీల కిట్ తెచ్చింది. ఫార్మలిన్‌కు ఒక డబ్బా, అమోనియాకు ఇంకో డబ్బా. అప్పటి నుంచి ఈ తరహా పట్టీల గురించి హైదరాబాద్‌లో చాలామంది అడుగుతున్నారు: కొనాలా, వద్దా?

సముద్రపు చేప తరచుగా కొనేవాళ్లయితే కొనొచ్చు. ఆదివారం కొర్రమీను, రవ్వ, బొచ్చె కొనే ఇంటికి మాత్రం ఆ డబ్బు దండగ. పట్టీ పనిచేయదని కాదు. ఆ చేపలో అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి, వాటిని పట్టీ చూడలేదు.

ముందు పట్టీ సంగతి. డబ్బాలో కాగితం పట్టీలు, చిన్న సీసాలో ద్రావణం, రంగుల పటం ఉంటాయి. చేప ఒంటి మీద పట్టీని మూడు నాలుగు సార్లు రుద్దాలి, దాని మీద ఒక చుక్క ద్రావణం వేయాలి, కాగితంలో చెప్పినంతసేపు ఆగి రంగును పటంతో పోల్చాలి. మూడు నిమిషాల్లో పని అయిపోతుంది. ఇంత సులువైన పరీక్ష కూడా మార్కెట్లో ఎక్కువగా తప్పేది మూడు చోట్ల.

మొదటిది నీళ్లు. ఐసు కరిగిన నీళ్లు కారుతున్న చేప మీద రుద్దితే పట్టీకి అంటేది చేప కాదు, ఐసు నీళ్లు. చేపను రెండుసార్లు విదిలించి, మొప్ప మూత పక్కన ఒకసారి, పొట్ట కింద ఒకసారి, తోక దగ్గర ఒకసారి, మూడు చోట్లా వేరే వేరే పట్టీలతో చూడాలి. అసలు ఆ ఐసు నీళ్లనే విడిగా ఒక పట్టీతో చూడటం ఇంకా మంచిది. మందు కలిపేది చాలాసార్లు ఐసులోనే అనే అనుమానం ఉన్నప్పుడు చేపను పరీక్షించి ఐసును వదిలేయడంలో అర్థం లేదు.

రెండోది వెలుతురు. చేపల బల్లల మీద పసుపు బల్బులు, ఎర్ర రేకులు, నీలం టార్పాలిన్లు ఉంటాయి. చేపకు రంగు తేవడానికి పెట్టిన ఆ వెలుతురులో పట్టీ రంగు చూస్తే ఏదైనా అనిపిస్తుంది. నాలుగడుగులు బయటికి నడిచి ఎండలో చూడాలి. చెప్పిన సమయం దాటాక వచ్చిన రంగును లెక్కలోకి తీసుకోకూడదు.

మూడోది ద్రావణం. ముందు పాడయ్యేది ఇదే. స్కూటర్ డిక్కీలో ఏప్రిల్ ఎండకు ఉంచిన సీసాను నమ్మొద్దు. ప్రతిసారీ ఒక పట్టీ మీద మంచినీళ్ల చుక్క వేసి, దాని మీద ద్రావణం వేసి చూడాలి. దానికే రంగొస్తే ఆ డబ్బా పని అయిపోయినట్టే. ఈ ఒక్క పట్టీని మిగుల్చుకుందామని చూసేవాళ్లే తరవాత అనవసరంగా అమ్మేవాడితో గొడవపడతారు.

ఇక పట్టీ సరిగ్గా పనిచేసినా తప్పుదారి పట్టించే సందర్భాలున్నాయి. బాంబే డక్, లిజార్డ్ ఫిష్ లాంటి సముద్రపు చేపల్లో ఎవరూ ఏమీ కలపకపోయినా కండలోని ఒక పదార్థం విరిగి, ఫార్మలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ దానంతటదే పుడుతుంది. ఫ్రీజర్లో నిలవుంచేకొద్దీ పెరుగుతుంది. అమోనియా పట్టీకి సొర, టేకు చేపలతో ఇదే తంటా: వాటి ఒంట్లో యూరియా సహజంగానే ఎక్కువ, అది విరిగితే వచ్చేది అమోనియానే. అందుకే సొర ముక్క మీద పట్టీ రంగు మారగానే మందు కలిపారని అరవకూడదు. అటువైపు, ఫార్మలిన్ కండలోని మాంసకృత్తులతో కలిసిపోతుంది, పైన కడిగితే కొంత పోతుంది. కాబట్టి పట్టీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన చేప మీద ఎప్పుడూ మందు పడలేదని కాదు. పరీక్షలో వచ్చిన రంగు సాక్ష్యంగా కూడా చెల్లదు. ఫిర్యాదు నిలవాలంటే ఆహార భద్రతా అధికారి నమూనా తీసి నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలకు పంపాలి.

ఈగలు వాలకపోతే ఫార్మలిన్, చేప కర్రలా బిగుసుకుపోయి ఉంటే ఫార్మలిన్ అనే మాటలు రెండూ వదిలేయండి. చచ్చిన కొన్ని గంటలకు ఏ చేపైనా బిగుసుకుంటుంది, ఐసులో ఆ బిగువు ఎక్కువసేపు నిలుస్తుంది. అది తాజాదనానికి గుర్తు. అనుమానించాల్సింది పొంతన లేని చేపను: కళ్లు లోపలికి పోయి తెల్లబడ్డాయి, మొప్పలు గోధుమరంగుకు తిరిగాయి, అయినా ఒళ్లు గట్టిగా ఉంది, చేప వాసన లేదు. అప్పుడు పట్టీ తియ్యండి.

రాంనగర్, బేగంబజార్‌ల వైపు చూస్తే సరుకులో పెద్ద భాగం మంచినీటి చెరువుల చేప. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసులో రాత్రికి రాత్రి వచ్చే రవ్వ, బొచ్చె. తొట్టెల్లో ప్రాణంతో ఉన్న కొర్రమీను. కళ్లముందు ఎగిరే కొర్రమీనుకు ఫార్మలిన్ పట్టీ ఎందుకు? మృగశిర కార్తె రోజున ఆ తోపులాటలో పట్టీ రుద్దేంత చోటు కూడా దొరకదనుకోండి, అది వేరే మాట. ఈ చేపల్లో చూడాల్సింది పురుగునీ, పుండునీ, చేప ఏ నీటిలో పెరిగిందన్నదీ.

దానికి డబ్బు పెట్టాల్సిన సాధనం చేపలు కొట్టేవాళ్ల కత్తి. అలవాటుగా వాళ్లు పొలుసు గీకి, తల తీసి, పేగులు లాగి పక్క బకెట్లో పడేసి, చకచకా ముక్కలు కొట్టి సంచిలో వేస్తారు. ముప్పై సెకన్ల పని. మీకు తెలియాల్సినదంతా ఆ బకెట్లోకి పోతుంది. ముందే ఒక మాట చెప్పాలి: "అన్నా, పొలుసు తియ్యకముందు ఒకసారి చూపించు, పొట్ట మాత్రం చీల్చి ఆపు." రద్దీ తక్కువున్న వేళ ఎవరూ కాదనరు.

పొలుసు తీయకముందు చూడాల్సింది రెక్కల మొదళ్లు, మొప్పల అంచులు. రవ్వ, బొచ్చెల మీద చదునుగా, గుండ్రంగా, అర సెంటీమీటరు పైన ఉండి గాజులా కనిపించేది చేప పేను, ఆర్గ్యులస్. కుట్టిన చోట ఎర్రటి చుక్కలు పడతాయి. సన్నటి దారప్పోగులా ఒంట్లోంచి బయటికి వేలాడుతుంటే అది లంగరు పురుగు, లెర్నియా. ఈ రెండూ మనిషికి అంటుకోవు. వాటికంటే ఆలోచించాల్సింది వాటిని చంపడానికి చెరువులో చల్లే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందుల గురించి. మందు చల్లాక చేప పట్టడానికి కొన్నాళ్లు ఆగాలి. ధర బాగుందని రైతు ఆగకపోతే ఆ మందు కండలో, ముఖ్యంగా కొవ్వులో మిగులుతుంది. ఒళ్లంతా పేను కాట్లున్న చేప మందు తిన్న చెరువుదే అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి దాన్ని వదిలెయ్యడమే మేలు. పొట్ట దగ్గరి కొవ్వు పొరలు తీసేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇక్కడ ఫార్మలిన్ పట్టీ పూర్తిగా గుడ్డిది.

కొర్రమీనుకు చలికాలంలో వచ్చేది ఎర్రపుండ్ల జబ్బు. అఫనోమైసిస్ అనే బూజు లాంటి జీవి కండలోకి దిగి, పైన ఎర్రమచ్చగా మొదలై లోపలికి గుంట పడుతుంది. అది మనుషులకు రాదు. కానీ ఆ గుంటలో పెరిగే బ్యాక్టీరియా మంచిది కాదు, చుట్టూ కండ కుళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి చేపను ముక్కలుగా కొట్టి, పుండు ఉన్న భాగం తీసేసి తక్కువ ధరకు అమ్ముతుంటారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ముందే కొట్టి ఉంచిన కొర్రమీను ముక్కలు కొనకపోవడమే దారి.

పొట్ట చీల్చాక చూడండి. వాలుగ గాలితిత్తిని విడిగా కోస్తే రెండు మూడు సెంటీమీటర్ల పొడవు, ఆకులా వెడల్పున్న ముదురు రంగు పురుగులు కనిపించొచ్చు. ఐసోపారోర్కిస్ అనే ఈ పురుగు వాలుగలో మామూలే. చిన్న చేపల కండలో సిరా ఒలికినట్టు నల్లటి చారలు కనిపిస్తే అవి దాని పిల్లల పనే కావచ్చు. గాలితిత్తి, పేగులు తీసి పారేస్తే వాలుగ వండుకోవచ్చు. నల్ల చారల చేప మాత్రం ఎవరికీ తినబుద్ధి కాదు. కొర్రమీను, వాలుగల కడుపులో కాలేయం చుట్టూ ఎర్రటి దారంలా చుట్టుకున్న పురుగు కనిపిస్తే అది యూస్ట్రాంగిలైడిస్ కావచ్చు. కొర్రమీను జాతిలో గ్నాథోస్టోమా అనే పురుగు పిల్లలు కూడా ఉంటాయి. ఇవి పచ్చిగా లేదా అరకొరగా ఉడికించి తింటే మనిషి ఒంట్లో పాకుతాయి. మన పులుసు ఇరవై నిమిషాలు ఉడుకుతుంది, అందులో ఏ పురుగూ బతకదు. సమస్య వేపుడులో: రెండు అంగుళాల మందం ముక్కను పెద్ద మంట మీద ఎర్రగా వేయిస్తే పైన కరకర, ఎముక పక్కన పచ్చి. లోపల 63 డిగ్రీలు దాటాలి. వెన్నెముక దగ్గర గులాబి రంగు లేకుండా, కండ ఎముక నుంచి సులువుగా ఊడితే ఉడికినట్టు. ముక్క ముప్పావు అంగుళం మించకుండా కొట్టించుకుంటే ఈ తంటానే ఉండదు.

ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి అరగంట ఉంచితే పురుగులు చస్తాయనే నమ్మకం గట్టిగా ఉంది. చావవు. వాసన పోతుంది, అంతే.

సముద్రపు చేపల్లో సావళ్లు, కానగంతల పేగుల మీద గడియారం స్ప్రింగులా చుట్టుకుని తెల్లగా కనిపించేవి అనిసాకిస్ జాతి పురుగు పిల్లలు. చేప చచ్చాక ఇవి పేగుల నుంచి కండలోకి దూరుతాయి కాబట్టి సముద్రపు చేపను పేగులతో సహా ఇంటికి తెచ్చి రేపు శుభ్రం చేద్దామనుకోవద్దు. వండితే పురుగు చస్తుంది గానీ దాని వల్ల అలర్జీ ఉన్నవాళ్లకు చచ్చిన పురుగు కూడా పడదు. జూబ్లీహిల్స్ వైపు పచ్చి చేప వడ్డించే చోట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచారా, లేక మైనస్ 35లో గడ్డ కట్టించి 15 గంటలు ఉంచారా? ఇంటి ఫ్రిజ్ పైగదికి అంత చలి ఉండదు, దాన్ని నమ్ముకుని ఇంట్లో సుషీ చేయొద్దు.

కానగంత, టూనా, వంజరం ఐసు లేకుండా కొన్ని గంటలు ఉంటే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, నాలుక మండి, దద్దుర్లు వస్తాయి. ఇది వండినా పోదు, ఫ్రీజర్లో పెట్టినా పోదు, ఫార్మలిన్ పట్టీకీ కనపడదు.

నీటి సంగతి అన్నిటికంటే కష్టం. పటాన్‌చెరులో మందుల పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. నగరం చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల కింది చెరువుల్లోనూ, మూసీలోనూ పట్టిన చేపను ఏ పట్టీతోనూ, ఏ కంటితోనూ పూర్తిగా తేల్చలేం. వాసనతో కొంత చెప్పొచ్చు. మట్టి వాసనైతే భయం లేదు, చెరువు నాచు వల్ల వచ్చేదే, మజ్జిగలో అరగంట నానబెడితే తగ్గుతుంది. కిరోసిన్ వాసన, ఫినాయిల్ వాసన వస్తే వండి చూద్దాం అనుకోకుండా పారెయ్యాలి. సీసం, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కువగా కాలేయం, మూత్రపిండాలు, మొప్పల్లో చేరతాయి కాబట్టి ఊరు తెలియని చేప తల పులుసులో మొప్పలు ఒక్క పోగు కూడా మిగలకూడదు. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది, పెద్ద వేట చేపల్లో ఎక్కువ. పిల్లలకు, గర్భిణులకు పెద్ద వంజరం, సొరల కంటే చిన్న చేపలే నయం.

హోటళ్లలో అపోలో ఫిష్ పేరుతో వచ్చేది కొర్రమీనేనా అని కూడా అడగండి. ఎముకలు తీసేసిన తెల్ల ముక్కను చూసి ఎవరూ చెప్పలేరు, అది చాలాసార్లు బాసా అనే పెంపకపు చేప. బాసా అయితే ఫరవాలేదు. దేశంలో పెంపకం నిషేధించినా కోళ్ల వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితేనే ఇబ్బంది. మార్కెట్లో చేపగా కొంటే తేడా సులువు: కొర్రమీనుకు పొలుసుంటుంది, క్యాట్‌ఫిష్‌కు పొలుసు లేదు, మూతి చుట్టూ నాలుగు జతల మీసాలుంటాయి.

రొయ్యల్లో తెల్లమచ్చ వైరస్ మనిషికి రాదు. సముద్రపు రొయ్య తల ఒక పక్క ఉబ్బి ఉంటే పెంకు కింద మొప్పలో ఒక చిన్న పరాన్నజీవి ఉందని అర్థం, తల తీసేస్తే అదీ పోతుంది. ఎలాగూ తల లోపలి పసుపు ముద్దలోనే లోహాలు పోగవుతాయి, పీతల్లోనూ అంతే. ఆల్చిప్పలు నీటిని వడగట్టి తినేవి కాబట్టి మురుగునీటి వైరస్‌లు వాటిలో చేరతాయి. నోరు తెరుచుకోగానే దించేయకుండా లోపలి కండ 90 డిగ్రీల దగ్గర నిమిషంన్నర ఉడకాలి. పీత ప్రాణంతో ఉంటేనే కొనండి. కాళ్లు వేలాడుతున్నదాన్ని "ఇప్పుడే చచ్చింది" అని సగం ధరకు ఇస్తామన్నా, దానికి అమోనియా పట్టీ కూడా అక్కర్లేదు.