గొట్టింగెన్ న్యూరోసైన్స్ ప్రోగ్రామ్: అప్లికేషన్ నుంచి స్టైపెండ్ దాకా

జర్మనీలోని గొట్టింగెన్‌లో న్యూరోసైన్స్ ఎమ్మెస్సీ-పీహెచ్‌డీ ప్రోగ్రామ్‌కి 2025 జనవరిలో అప్లై చేసి, అక్టోబరులో చేరాను. గుంటూరులో బీఫార్మసీ చదివేటప్పుడు ఇలాంటిదొకటి ఉందని నాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే రాస్తున్నాను.

2000లో మొదలైన ఈ ప్రోగ్రామ్‌ని యూనివర్సిటీ, మాక్స్ ప్లాంక్ సంస్థలు, జర్మన్ ప్రైమేట్ సెంటర్ లాంటివి కలిసి నడుపుతాయి. ఏడాదికి సుమారు 20 మందినే తీసుకుంటారు. ట్యూషన్ ఫీజు లేదు. మొదటి ఏడాది క్లాసులు, ప్రాక్టికల్స్, వేర్వేరు ల్యాబుల్లో రొటేషన్లు, ఊపిరాడనివ్వవు. ఆ ఏడాది బాగా చేసినవాళ్ళు ఎమ్మెస్సీ థీసిస్ రాయకుండానే పీహెచ్‌డీలోకి వెళ్ళొచ్చు.

ముందు మా ఊళ్ళో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాను. 30 వేలు కట్టించుకుని ఒక ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) చేతిలో పెట్టారు. ‘చిన్నప్పటి నుంచి మనిషి మెదడంటే నాకు ఆసక్తి’ అని మొదలైంది. నాతో వచ్చిన ఫ్రెండ్ డేటా సైన్స్‌కి పెడుతోంది. దానిదీ అదే వాక్యం, మెదడు ఉన్నచోట డేటా. చాలా కోపం వచ్చింది. ఆ కాగితం పక్కన పడేసి, మా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి నేనే రాసుకున్నాను. ఎలకల్లో మూర్ఛ మందు మీద చేశాం. రెండుసార్లు రిజల్ట్ రాలేదు. ఎందుకు రాలేదని అనుకుంటున్నానో కూడా దాచకుండా రాశాను.

ఇంటర్వ్యూలో సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. మందు ఇచ్చిన ఎంతసేపటికి ఎలకలకి మూర్ఛ తెప్పించే షాక్ ఇచ్చారు, ఆ టైమే ఎందుకు అని. తర్వాత ఎన్ఎండీఏ రిసెప్టర్ (నరాల కణాల మీద ఉండే ఒక ప్రోటీన్, దాని దారికి మెగ్నీషియం అడ్డుపడుతుంది) దగ్గర మెగ్నీషియం తీసేస్తే కరెంట్-వోల్టేజ్ గ్రాఫ్ ఎలా మారుతుందని అడిగారు. నోట్‌బుక్‌లో గీసి కెమెరాకి చూపించాను. మొదటి గీత తప్పు. నెగటివ్ వోల్టేజ్ వైపు కరెంట్ పెరగాలి కదా అని నాకే తట్టి కొట్టేసి మళ్ళీ గీశాను. వాళ్ళు తొందరపెట్టలేదు, గీసేదాకా ఆగారు. నాకు బాగా నచ్చింది అదే.

ఇక డబ్బు. స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలని విని, నాన్న పొలం కాగితాలు పట్టుకుని బ్యాంకుకి బయల్దేరారు. ఆయన్ని రెండు వారాలు ఆపగలిగాను. సీటుతో పాటే స్టైపెండ్ లెటర్ వచ్చింది, వీసాకి డబ్బు రుజువుగా అదే పెట్టాను. కన్సల్టెన్సీ వాళ్ళు ఈ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. అయినా చేతి ఖర్చు తప్పదు: ఏపీఎస్ సర్టిఫికెట్‌కి (మన చదువు కాగితాలు అసలైనవేనని జర్మనీ వాళ్ళు తనిఖీ చేసి ఇచ్చేది) 18,000 రూపాయలు, ఫ్లైట్ టికెట్, ఇక్కడ గదికి డిపాజిట్. మొదటి స్టైపెండ్ పడేదాకా అక్క పంపిన డబ్బుతోనే గడిపాను.

ఈసారి పెట్టేవాళ్ళు రికమెండేషన్ లెటర్ల కోసం మీ సార్లని దసరాకే అడగండి. గడువు జనవరి 15, అంటే సరిగ్గా సంక్రాంతి సెలవులు. నా రెండో లెటర్ రాయాల్సిన సార్ పండక్కి ఊరెళ్ళిపోయారు. అక్కడ సిగ్నల్ లేకపోతే, డాబా ఎక్కి ఫోన్‌లోంచి అప్‌లోడ్ చేశారు, కనుమ రోజు పొద్దున.