సన్నని చానెల్లో నీటి వేగం: మైక్రో పీఐవీనా, లిఫ్పానా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి ప్రాజెక్టు కోసం వచ్చే పిల్లలు ఏటా ఇదే అడుగుతున్నారు. వెంట్రుకంత చానెల్లో ప్రవాహం కొలవడానికి మైక్రో పీఐవీ (నీటిలో వదిలిన పూసల ఫొటోలను బట్టి వేగం లెక్కగట్టే పద్ధతి), లిఫ్పా (లేజర్ కింద డై వెలుగును బట్టి వేగం చెప్పే పద్ధతి) ఈ రెండింట్లో ఏది మేలు?

చూడటానికి పీఐవీదే పైచేయి. 1998లో పరిశోధకులు శాంటియాగో, ఏడ్రియన్‌ల బృందం దాన్ని మైక్రోస్కోపు కిందికి తెచ్చింది. ఫ్లోరసెంట్ పూసలు వదిలి వెంటవెంటనే రెండు ఫొటోలు తీస్తే, ఏ మూల నీరు ఎటు తిరుగుతోందో మొత్తం కనిపిస్తుంది. పంపుతో నెట్టే ప్రవాహానికి నేనూ అదే వాడమంటాను.

కానీ ఇక్కడి ప్రాజెక్టుల్లో చాలావరకు కరెంటుతో నీటిని నడిపేవే. అక్కడ తేల్చుకోవాల్సింది ఒక్కటే: కొలుస్తున్నది నీటి వేగమా, పూస వేగమా? గాజు చానెల్లో నీరు మామూలుగా నెగటివ్ ఎలక్ట్రోడ్ వైపు పోతుంది. పాలీస్టైరీన్ పూసకు ఎక్కువగా నెగటివ్ చార్జే ఉంటుంది, దాన్ని పాజిటివ్ వైపు లాగుతుంటుంది. ఏటికి ఎదురీదుతూ కొట్టుకుపోయే మనిషిని చూసి ఏటి వేగం చెప్పినట్టే. సవరించాలంటే పూస జీటా పొటెన్షియల్ (నీటిలో దాని ఉపరితల చార్జి ఎంతో తెలిపే వోల్టేజి) తెలియాలి, అదేమో ఉప్పుతో, పీహెచ్‌తో మారుతుంది. పైగా 200 నానోమీటర్ల పూస దానంతటదే సెకనులో 2 మైక్రాన్ల దాకా అటూ ఇటూ జరుగుతుంది.

2005లో గుయిరెన్ వాంగ్ ప్రచురించిన లిఫ్పాలో పూసలే లేవు. నీటిలో కలిపిన డై (వెలుగిచ్చే రంగు) లేజర్ చుక్క కింద నిలిస్తే బ్లీచ్ అయి మసకబారుతుంది. నీటి వేగం పెరిగేకొద్దీ కొత్త డై వచ్చి వెలుగు పెరుగుతుంది. చార్జి లేని డై అయితే నీటితోపాటే పోతుంది. ఫ్లోరసీన్ వద్దు, అదీ నెగటివే. కూమరిన్ 102 తీసుకోండి, 405 నానోమీటర్ల లేజర్ సరిపోతుంది. రోడమిన్ బి డై అయితే పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) గోడల్లోకి ఇంకిపోయి చానెలంతా గులాబీ రంగు పట్టేస్తుంది.

లిఫ్పాతో ఇబ్బందీ ఉంది. అది ఒక్క బిందువు దగ్గరి వేగమే చెబుతుంది, దిశ చెప్పదు. లేజర్ పవర్, డై గాఢత, ఫోకస్‌లో ఏది మారినా కాలిబ్రేషన్ మళ్లీ మొదటికి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే టెన్షనే. వచ్చాక లేజర్ నిలకడ పట్టేదాకా ఆగి, మళ్లీ కాలిబ్రేట్ చేశాకే రీడింగులు తీయనిస్తాను. ఓపిక కావాలి, కానీ చేతికొచ్చేది నీటి వేగమే.

కేజ్డ్ డై (కాంతి పడ్డాకే వెలిగే డైతో నీటిలో గీత గీసి, అది జరిగే తీరు చూసే పద్ధతి) గురించీ అడుగుతారు. డై ఖరీదు, పైగా గీసిన గీత సెకనులో పదోవంతుకే 9 మైక్రాన్ల దాకా పరుచుకుంటుంది. చిన్న చానెల్‌కి వద్దు.

పీఐవీ సెటప్పే దిక్కయినవాళ్లు, వాడబోయే బఫర్‌లోనే (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) పూసల జీటా పొటెన్షియల్ ముందుగా కొలిపించుకుని రండి.